విశ్వాస సముదాయం నడిపే సుస్థిర సాగు: వేరే పొలాల నుంచి ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ విశ్వాస సముదాయానికి చెందిన, కొంత వాలుగా ఉన్న భూమిలో నాలుగేళ్లుగా రసాయనాలు లేకుండా సాగు చేస్తున్నారు. పంట వస్తోంది కానీ పెరగడం లేదు. మొదట్లో ఉత్సాహంగా వచ్చిన వాలంటీర్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. వేరే పొలాలు చూసొద్దామని మీరంటే, పెద్దల్లో కొందరు "మనది లాభం కోసం చేసే సాగు కాదు, వాళ్ల దగ్గర నేర్చుకునేదేముంది" అంటున్నారు. ఎక్కడికి వెళ్లాలి, ఏం చూడాలి, చూసొచ్చింది మన దగ్గర ఎలా పెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. తప్పకుండా వెళ్లండి. కానీ పద్ధతిని చూసి రావడంతో ఆగకండి, అది అక్కడ ఎందుకు పనిచేస్తోందో తెలుసుకుని రండి. మీ వానకి, మీ నేలకి, మీ దగ్గరున్న మనుషుల శ్రమకి దగ్గరగా ఉన్న పొలాలు ముందు చూడండి. ఆ రైతుది ఏ నమ్మకమైనా, అసలు ఏ నమ్మకమూ లేకపోయినా పర్వాలేదు. మీ మతానికే చెందిన పేరున్న క్షేత్రం ఆ తర్వాత. తిరిగొచ్చాక ఒక్క మార్పు మాత్రం ఎంచుకుని, చిన్న మడిలో, పాత పద్ధతి పక్కనే పెట్టి చూడండి.

నేను ఆశ్రమాలు, చర్చిలు, ఇతర మత ట్రస్టులు నడిపే పొలాలకి సాగు సలహాదారుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అక్కడ చూసినవే ఎక్కువగా రాస్తాను.

ముందు పెద్దల మాట గురించి, ఎందుకంటే అది తేలకపోతే మిగతావన్నీ ఆగిపోతాయి. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. బయటి పద్ధతులతో పాటు బయటి లెక్కలు కూడా వచ్చేస్తాయేమో, చివరికి మన ప్రాజెక్టు మామూలు వ్యాపారం అయిపోతుందేమో అన్నది వాళ్ల బెంగ. అది నిజంగానే కొన్నిచోట్ల జరిగింది. కానీ విశ్వాసంతో సాగులోకి వచ్చినవాళ్లు ఇతరుల పొలాలు చూసి నేర్చుకోవడం కొత్త విషయమేమీ కాదు. శ్రీ వరి సాగు గురించి మీ పెద్దలు వినే ఉంటారు. లేత నారు, కుదురుకి ఒకే మొక్క, ఎడం ఎక్కువ, ఎప్పుడూ నీరు నిలబెట్టకుండా ఆరుతడులు. దాన్ని రూపొందించింది హెన్రీ ద లోలనీ అనే ఫాదర్, కాథలిక్ క్రైస్తవుల్లో జెస్యూట్ సంఘానికి చెందినవారు. ఆయన 1961లో మడగాస్కర్ వెళ్లి అక్కడి చిన్న రైతుల పొలాల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. కొందరు గుత్తులుగా కాకుండా ఒక్కో మొక్కే నాటుతున్నారని, ఇంకొందరు నీరు తీసి పెడుతున్నారని గమనించి ఒక్కోటీ తన మడుల్లో పెట్టి చూశారు. 1983లో వాన ఆలస్యమైన సీజన్లో 15 రోజుల లేత నారు నాటాల్సి వచ్చింది, పిలకలు ఎప్పుడూ లేనన్ని వచ్చాయి. ఆ రైతులను చూసి నేర్చుకోవడానికి ఆయన విశ్వాసం అడ్డు రాలేదు, వాళ్ల ఆకలి తీర్చడానికి వచ్చినవాడు వాళ్లనే గమనించాడు, అంతే. పెద్దలతో నేనైతే ఇలా చెప్తాను: మనం దేనికోసం సాగు చేస్తున్నామో అది మనం మార్చం, ఎలా చేస్తున్నామో అది మాత్రం ఎప్పటికప్పుడు పరీక్షకి పెడతాం.

ఈ రెండింటికీ గీత గీసుకోకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. జింబాబ్వేలో 1980ల్లో బ్రయాన్ ఓల్డ్రీవ్ అనే రైతు దున్నకుండా, నేలని గడ్డీగాదంతో కప్పి, కొలిచిన గుంతల్లో సమయానికి విత్తే పద్ధతిని బైబిలు మాటలతో కలిపి బోధించడం మొదలుపెట్టారు. ఆ గడ్డి కప్పుని వాళ్లు దేవుడి దుప్పటి అంటారు. ఆ భాష వల్ల మామూలు శిక్షణలు చేరని చోటికి కూడా ఆ పద్ధతి చేరింది, అది నిజంగా గొప్ప బలం. అయితే మెట్ట ప్రాంతాల్లో పంట కోసిన తర్వాత ఆ చొప్పే పశువులకి మేత. కోత అయిపోగానే ఊరి పశువులన్నీ పొలాల మీద పడతాయి. అలాంటి చోట కప్పు నిలబెట్టాలంటే మేతకి వేరే దారి చూపించాలి. పద్ధతి ఆజ్ఞలాగా మనసులో నాటుకుపోతే రైతు "మా దగ్గర ఇది కుదరట్లేదు" అని నోరు తెరిచి చెప్పడు, విశ్వాసం చాల్లేదంటారేమోనని భయం. మీ సముదాయంలో ఎవరైనా అలా నోరు నొక్కుకుని ఉన్నారేమో ఒకసారి చూడండి. వాలంటీర్లు తగ్గడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

బయల్దేరే ముందు మీ పొలం మీకు తెలియాలి. ఇది లేకుండా వెళ్లే బృందాలే ఎక్కువ. ఫొటోలు బోలెడు తెస్తారు, ఉపయోగపడేది ఏమీ ఉండదు. నెలవారీ వాన, ఏ మడిలో ఏ పంట ఎప్పుడు వేశారు, ఎంత తూకం వచ్చింది, ఏ పనికి ఎన్ని గంటలు పట్టింది, బయటి నుంచి ఏం తెచ్చారు, బయటికి ఏం పంపారు, ఇవి ఒక నోట్‌బుక్‌లో ఉంటే చాలు. గడిచిన నాలుగేళ్లవీ లేకపోతే గుర్తున్నంత రాయండి. భూసార పరీక్ష ఒకసారి చేయించండి. ఇంకోటి మీరే చేయగలరు: రెండు వైపులా మూత కోసేసిన డబ్బాని నేలలోకి రెండు మూడు అంగుళాలు దించి, కొలిచిన నీళ్లు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. మొదటి విడత నీళ్లు పొడి నేల తాగేస్తుంది, అందుకని రెండో విడత పోసి దాని సమయం రాసుకోండి. దున్నిన మడిలో, దున్నని మడిలో, చెట్టు కింద, మనుషులు నడిచే దారిలో చేస్తే మీకే తేడా కనిపిస్తుంది. ఆ అంకె పట్టుకుని వెళ్తే, అవతలి రైతు ఒప్పుకుంటే ఆయన పొలంలో కూడా అదే డబ్బా దించి చూడొచ్చు. "మీ నేల బాగుందండీ" అనే మాట కన్నా అది వంద రెట్లు నయం.

ఈ లెక్కలు రాసుకుంటున్నప్పుడే మీ సమస్యకి సగం జవాబు దొరకవచ్చు. నాలుగేళ్లుగా దిగుబడి కదలట్లేదంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇది: మీ పంటంతా అన్నదానానికో, పంపిణీకో పొలం దాటి వెళ్తోంది, తిరిగి నేలకి ఏం వస్తోంది? నైట్రోజన్ అయితే జనుము, జీలుగ, అలసంద లాంటి పంటలు గాలి నుంచి పట్టి తెస్తాయి. భాస్వరం, పొటాష్ అలా గాలిలోంచి రావు. నేలలో ఉన్న నిల్వ కరిగినంత కాలం గడుస్తుంది, తర్వాత పంట ఒకచోట ఆగిపోతుంది. వంటింటి వ్యర్థం, పశువుల ఎరువు, బూడిద, ఏదో ఒక రూపంలో అవి వెనక్కి రావాలి. ఇది మీ నోట్‌బుక్‌లో తేలితే, వెళ్లిన ప్రతి పొలంలో మీ మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

ఎవరి పొలాలు చూడాలి?

మీ పక్క రైతు పొలం, ఆయన రసాయనాలు వాడినా సరే. మీ నేల మీద, మీ వానలో ఆయన ఎన్నో ఏళ్లుగా సాగు చేస్తున్నాడు. ఏ నెలలో ఏ పురుగు వస్తుంది, ఏ మూల నీరు నిలుస్తుంది, విత్తడం ఎప్పుడు ఆలస్యమైనట్టు, ఇవన్నీ ఆయనకి తెలుసు. విశ్వాస ప్రాజెక్టులు దూరాలు ప్రయాణం చేస్తాయి కానీ పక్క గట్టు దాటవు. ఇది నేను పదేపదే చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

తర్వాత మీ పరిస్థితుల్లోనే రసాయనాలు లేకుండా బతుకు వెళ్లదీస్తున్న కుటుంబ రైతు. విరాళాలు లేవు, వాలంటీర్లు లేరు, ఆ పొలం మీదే ఇల్లు గడవాలి. అలాంటి మనిషి ఏ పని మానేశాడో, ఏ పని ఎంత కష్టమైనా వదల్లేదో గమనిస్తే చాలా తెలుస్తుంది.

ఇంకొక విశ్వాస సముదాయం నడిపే పొలం, మీది కాని మతమైతే మరీ మంచిది. వాళ్ల దగ్గర సాగు కన్నా నిర్వహణ ఎక్కువ నేర్చుకోవచ్చు, దాని గురించి కింద విడిగా రాస్తాను.

కుదిరితే ఆగిపోయిన ప్రాజెక్టు ఒకటి. అక్కడ పనిచేసినవాళ్లతో నిదానంగా కూర్చుని, వాళ్ల మనసు నొప్పించకుండా వినండి. ఎందుకు ఆగిందో వాళ్లకి స్పష్టంగా తెలుసు, అడిగేవాళ్లే ఉండరు.

ఎప్పుడు, ఎవరు వెళ్లాలి? ప్రదర్శన రోజున వెళ్లకండి. ఆ రోజు దారులు ఊడ్చి ఉంటాయి, బోర్డులు పెట్టి ఉంటాయి, బాగున్న మడులే చూపిస్తారు. కలుపు ముంచుకొచ్చే వారాల్లో వెళ్లండి, లేదా ఎండాకాలం చివర్లో నీళ్లు అడుగంటినప్పుడు. ఒక పొలాన్ని రెండు కాలాల్లో చూడటం, రెండు పొలాలని ఒక్కోసారి చూడటం కన్నా మేలు. ఇక వెళ్లేవాళ్ల విషయం: కమిటీ అధ్యక్షులు, గురువులు కారు నింపుకుని వెళ్లడం ఆనవాయితీ. పార పట్టేవాళ్లని, కలుపు తీసే ఆడవాళ్లని, వంటింట్లో కూరగాయలు అందుకునేవాళ్లని తీసుకెళ్లండి. నిర్ణయం తీసుకునేవాళ్లలో ఒకరు ఉంటే చాలు. కలుపు తీసే మనిషి కళ్లు సాళ్ల మధ్య ఎడం మీదకి పోతాయి, పనిముట్టు పిడి పొడుగు మీదకి పోతాయి. సలహాదారుగా నా కళ్లకి కూడా అవి వెంటనే అందవు.

పొలంలో ఏం చూడాలి, ఏం అడగాలి

గేటు దగ్గర మడులు చూసి ముచ్చటపడి ఆగిపోకండి, అన్నిటికన్నా బాగోలేని మూల చూపించమని మర్యాదగా అడగండి. చాలామంది రైతులు సంతోషంగా చూపిస్తారు, ఎందుకంటే వాళ్ల బుర్ర రోజూ ఆ మూల చుట్టూనే తిరుగుతుంటుంది. అనుమతి తీసుకుని పారతో ఒక చదరపు గడ్డ తవ్వి చేతిలోకి తీసుకోండి. పగిలితే గుండ్రటి చిన్న పలుకులుగా విడిపోతోందా, లేక పెచ్చులుగా పలకలుగా వస్తోందా? వేర్లు నిటారుగా దిగాయా, లేక జానెడు లోతులో ఒక్కసారిగా పక్కకి తిరిగాయా? పక్కకి తిరిగితే కింద గట్టిపొర ఉన్నట్టు. వాసన చూడండి, తొలకరి వాన వాసన వస్తే నేల ఊపిరాడుతోంది, కుళ్లు వాసన వస్తే నీరు నిలిచి గాలి అందడం లేదు. ఇదే పని ఇంటికొచ్చాక మీ పొలంలో చేయండి, పక్కపక్కన పెట్టుకోవడానికి ఒక కొలమానం దొరుకుతుంది.

అడగాల్సినవాటిలో నేను ఎప్పుడూ వదలని ప్రశ్నలు ఇవి. ఈ పొలానికి బయటి నుంచి ఏం వస్తోంది? ఎరువు, దాణా, గడ్డి, విరాళం, జీతం లేని శ్రమ, అన్నీ. మీరు చేసి చూసి మానేసినవి ఏమిటి, ఎందుకు మానేశారు? ఈ పనికి ఎవరు, ఏ నెలలో, ఎన్ని గంటలు పెడుతున్నారు? వచ్చే ఏడాది మీరు ఒక్కరే మిగిలితే వీటిలో ఏది నిలుపుకుంటారు? చివరి ప్రశ్నకి వచ్చే జవాబులోనే ఆ పొలం వెన్నెముక ఏదో తెలిసిపోతుంది.

మొదటి ప్రశ్న ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ. నేను సలహా ఇస్తున్న ఒక ఆశ్రమం వాళ్లు ఒక కూరగాయల తోట చూసొచ్చారు. ఎత్తు మడులు, దట్టంగా ఆకుకూరలు, నేల నల్లగా మెత్తగా. తిరిగొచ్చి అచ్చం అలాగే మడులు కట్టారు, కొలతలు కూడా అవే. మొక్కలు పసుపు పచ్చగా తిరిగి ఎదగకుండా నిలబడిపోయాయి. కారణం వెతికితే, ఆ తోటకి పక్కనే ఉన్న డెయిరీ నుంచి క్రమం తప్పకుండా చివికిన పేడ వస్తోంది. ఎవరూ దాచలేదు, వీళ్లు అడగలేదు, వాళ్లకి చెప్పాలని తోచలేదు. వీళ్లకి పశువులు లేవు, కాబట్టి ఎండు గడ్డిని మట్టిలో కలిపారు. ఎండు గడ్డిలో కార్బన్ చాలా ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. దాన్ని కుళ్లించే సూక్ష్మజీవులు తమకి కావాల్సిన నైట్రోజన్‌ని నేలలోంచే లాక్కుంటాయి, మొక్కకి మిగలదు. అదే గడ్డిని మట్టిలో కలపకుండా పైన పరిచి ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు ఉండేది కాదు. వాళ్లు తర్వాత మడుల మధ్య పచ్చిరొట్ట పెంచి కోసి వేయడం మొదలుపెట్టారు, నెమ్మదిగా నేల తేరుకుంది. ఎత్తు మడి తప్పు కాదు, ఆ మడి వెనకాల ఉన్న పేడ బండి వాళ్ల కంటపడలేదు.

కారణం పట్టుకున్నవాళ్లు ఎలా నిలబడతారో ఫిలిప్పీన్స్‌లో ఒక మంచి ఉదాహరణ ఉంది. మిందనావో దీవిలో 1971లో మొదలైన బాప్టిస్ట్ గ్రామీణ జీవన కేంద్రంలో హెరాల్డ్ వాట్సన్, ఆయనతో పనిచేసిన స్థానికులు కలిసి ఏటవాలు భూముల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. సమమట్టం గీతల (వాలుకి అడ్డంగా, ఒకే ఎత్తులో సాగే గీతల) వెంబడి నాలుగైదు మీటర్లకో జంట వరుస చొప్పున నైట్రోజన్ పట్టే చెట్లు దగ్గర దగ్గరగా వేసి, కంచెలా కత్తిరిస్తూ, ఆ రొట్టని మధ్యలో ఉన్న పంటకి వేస్తారు. కొట్టుకొచ్చిన మట్టి ఆ వరుసల దగ్గర ఆగి, కొన్నేళ్లకి వాలు మెట్లుగా మారుతుంది. మొదట వాళ్లు ఎక్కువగా నమ్ముకున్న చెట్టు సుబాబుల్. 1980ల మధ్యలో సుబాబుల్ రసం పీల్చే సిల్లిడ్ అనే చిన్న పురుగు ఆ ప్రాంతమంతా వ్యాపించి చెట్లని దెబ్బతీసింది. ఆ కేంద్రం వాళ్లకి కావాల్సింది సుబాబుల్ కాదు, వాలుకి అడ్డంగా నిలిచి, కత్తిరిస్తే మళ్లీ చిగురించి, నేలకి రొట్ట ఇచ్చే ఏదో ఒక మొక్క. అందుకని గ్లిరిసిడియా, ఫ్లెమింజియా, డెస్మోడియం లాంటివాటికి మారారు, పద్ధతి బతికింది. "సుబాబుల్ వేయాలట" అని మాత్రమే నేర్చుకుని వెళ్లినవాళ్లకి ఆ పురుగు తర్వాత చేతిలో ఏం మిగులుతుంది? మీ భూమి కొంత వాలులో ఉందని రాశారు కాబట్టి ఈ పద్ధతి మీకు నేరుగా కూడా పనికొస్తుంది, కానీ చెట్టు మీ వానకి తగ్గది మీరే ఎంచుకోవాలి.

పేరున్న సమగ్ర క్షేత్రాల గురించి ఒక జాగ్రత్త. బెనిన్ దేశంలోని పోర్టో నోవోలో డొమినికన్ అనే కాథలిక్ సంఘానికి చెందిన ఫాదర్ గాడ్‌ఫ్రీ న్జాముజో 1985లో మొదలుపెట్టిన సాంఘై కేంద్రం లాంటివి చూస్తే కళ్లు తిరుగుతాయి. పంట వ్యర్థం పశువులకి, పేడ బయోగ్యాస్‌కి, అక్కడి నుంచి చేపల చెరువుకి, పొలానికి, ఒకదాని వ్యర్థం ఇంకోదానికి ఆహారం. దాన్ని చూసొచ్చి అన్నీ ఒకేసారి మొదలుపెడితే అన్నీ సగం సగం నడుస్తాయి. అలాంటి చోట ఒక్క లింకు ఎంచుకోండి, మీ దగ్గర ఇప్పుడు వృథాగా పోతున్నది ఏదో దానికి సంబంధించినది.

మతం, సాగు కలిసే చోట అడగాల్సినవి వేరే ఉన్నాయి, వీటిని చాలామంది మొహమాటంతో అడగరు. భూమి ఎవరి పేరు మీద ఉంది, నాయకత్వం మారితే ప్రాజెక్టు ఏమవుతుంది? ఈ మడిలో ఏం వేయాలో ఎవరు నిర్ణయిస్తారు, ఆ మనిషి రోజూ పొలంలో ఉంటారా? పవిత్ర దినాలు, ఉపవాసాలు, విశ్రాంతి రోజులు పంట పనులతో ఢీకొన్నప్పుడు ఏం చేస్తారు? ఆవులకి విశ్రాంతి రోజు తెలియదు, పాలు పితకాల్సిందే. నారు అదునులో నాటాల్సిందే. దీన్ని బాగా నడిపే పొలాలు ముందే పంచాంగం పక్కన పంటల క్యాలెండర్ పెట్టుకుని, పెద్ద ఉత్సవం వచ్చే వారాల్లో కోతకి వచ్చే పంట వేయకుండా విత్తే తేదీ జరుపుకుంటాయి. ఇంత చిన్న సర్దుబాటుతోనే ఎన్నో గొడవలు తప్పాయి.

జీవహింస వద్దనుకునే సముదాయాలకి ఇంకో పెద్ద ప్రశ్న ఉంది: పాలు ఆగిన ఆవులు, కోడెదూడలు. వాటిని చివరిదాకా చూసుకుంటామంటే మేత భూమి లెక్క పూర్తిగా మారిపోతుంది. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని కృష్ణ భక్తుల గోశాలలో ఎద్దులని పనికి వాడుతూ, ముసలి పశువులని ప్రాణం పోయేదాకా పోషిస్తారు. అది వాళ్ల ధర్మం, దాని ఖర్చుని వాళ్లు కళ్లు తెరిచి భరిస్తున్నారు. మీరు అలాంటి చోటు చూస్తే పాల లెక్క కాకుండా ఒక్కో పశువుకి దాని జీవితకాలమంతా ఎంత మేత కావాలో అడగండి, అప్పుడే మీ భూమి ఎన్నింటిని మోయగలదో తెలుస్తుంది.

వాలంటీర్ల విషయం. నేను చూసినంతలో నిలబడిన ప్రాజెక్టులన్నింటిలోనూ పొలాన్నే పనిగా పెట్టుకున్న మనిషి కనీసం ఒకరుంటారు, వాళ్లకి బతకడానికి తగ్గ ఆదాయం ఉంటుంది. సేవకి వచ్చేవాళ్లకి ఆ మనిషి ముందే స్పష్టమైన పని సిద్ధం చేసి ఉంచుతారు. వచ్చినవాళ్లు "ఏం చేయమంటారు" అని నిలబడి గంట గడిపి, చివరికి తప్పు మొక్కలు పీకి, అలసిపోయి ఇంటికెళ్తే మళ్లీ రారు. ఇది భక్తి తగ్గడం కాదు, పని సరిగ్గా అప్పజెప్పకపోవడం. జపాన్‌లోని తోచిగిలో 1973 నుంచి ఉన్న ఆసియన్ రూరల్ ఇన్‌స్టిట్యూట్ అనే క్రైస్తవ సంస్థలో ఆసియా, ఆఫ్రికాల నుంచి వచ్చిన గ్రామీణ నాయకులు, సిబ్బంది కలిసి పండించి, కలిసి వండుకుని తింటారు. అక్కడ పొలం అసలు పని మనుషులని తయారుచేయడం. దాని దిగుబడిని వ్యాపార పొలంతో పోల్చడం అన్యాయం, అలాగే మీ లక్ష్యం ఆకలి తీర్చడమైతే వాళ్ల దినచర్యని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం కూడా కుదరదు. ఎదుటి పొలం దేనికోసం నడుస్తోందో ముందు అడగండి, తర్వాతే దాని పద్ధతులు.

తిరిగొచ్చాక ఒకట్రెండు రోజుల్లోనే అందరూ కూర్చోండి, ఆలస్యమైతే ఉత్సాహం మిగులుతుంది, వివరాలు పోతాయి. ఒక్కొక్కరూ తాము కళ్లారా చూసింది చెప్పాలి, అభిప్రాయం తర్వాత. ఇండోనేషియాలో వరిని సుడిదోమ తినేస్తున్నప్పుడు, మందులు దోమని తినే సాలీళ్లని, మిత్రపురుగులని కూడా చంపేస్తున్నాయని తేలాక 1989లో పొలంబడులు మొదలయ్యాయి. అక్కడ రైతులు వారం వారం పొలంలోకి దిగి, చూసిన మొక్కని, పురుగులని, నీటిని బొమ్మగా వేసి, ఆ బొమ్మ ముందు కూర్చుని వాదించుకునేవారు. మీ సత్సంగం తర్వాత ఒక అరగంట ఇలా చేయండి, చదువు రానివాళ్లు కూడా సమానంగా మాట్లాడతారు.

తర్వాత ఒక్కటి ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు అమెరికాలోని ఆమిష్ సముదాయాలు చేసే పని నాకు చాలా నచ్చుతుంది. కొత్త పనిముట్టు ఏదైనా వస్తే అది పని తగ్గిస్తుందా అని మాత్రమే చూడరు, మన మధ్య బంధాలని ఏం చేస్తుంది అని కూడా చూసి, ఏ సంఘానికి ఆ సంఘం నిర్ణయించుకుంటుంది. మీ పెద్దలకి ఈ పాత్ర ఇవ్వండి. వద్దనే అధికారంతో పాటు, పరీక్ష చేసి చూశాకే వద్దనాలనే నియమం కూడా పెట్టండి.

మడి పరీక్ష ఇలా: ఒకే వాలు, ఒకే నేల ఉన్నచోట పక్కపక్కన రెండు పట్టీలు. ఒకే విత్తనం, ఒకే రోజు విత్తడం, ఒక్క తేడా తప్ప మిగతా అన్నీ ఒకేలా. మూలల్లో కర్రలు పాతి తాడు కట్టండి, లేకపోతే కోత నాటికి హద్దు ఎక్కడో ఎవరికీ గుర్తుండదు. అంచు సాళ్లు వదిలేసి మధ్య భాగం తూకం వేయండి. పని గంటలు విడివిడిగా రాయండి, ఇది మరీ ముఖ్యం. శ్రీ పద్ధతిలో కూడా దిగుబడి బాగున్నా నాటు, కలుపు పనికి మనుషులు దొరకక మానేసినవాళ్లు ఉన్నారు. కనీసం రెండు సీజన్లు చూడండి, ఒక్క మంచి వాన ఏడాది ఏ పద్ధతినైనా గొప్పగా చూపిస్తుంది. గ్వాటెమాలా కొండల్లో 1970ల్లో మొదలై మెక్సికో, నికరాగ్వా, క్యూబాలకి పాకిన 'రైతు నుంచి రైతుకి' అనే ఉద్యమం నడిచింది ఇలాంటి చిన్న మడుల మీదే. రైతు తన పొలం మూలలో చేసి చూపించింది పక్క రైతు వచ్చి చూసేవాడు, ఉపన్యాసాలు తర్వాత.

ఫలితం బాగోకపోతే దాన్ని దైవ పరీక్ష అని అక్కడితో వదిలేయకండి. ప్రార్థన చేయండి, తూకం కూడా రాయండి. రెండూ శ్రద్ధే. రాయని సంవత్సరం నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు, మీ తర్వాత ఆ పొలంలోకి వచ్చేవాళ్లు అసలే నేర్చుకోలేరు.

ఇంకో రెండు విషయాలు. చెప్పులు, బూట్లు, పనిముట్లు ప్రతి పొలం దగ్గరా కడుక్కోండి. అరటిలో పనామా తెగులు లాంటివి మట్టితోనే ప్రయాణిస్తాయి, కలుపు విత్తనాలు ప్యాంటు అంచులకి అంటుకుని వస్తాయి. పశువులున్న చోటి నుంచి నేరుగా మీ పశువుల దగ్గరికి పోకండి. విత్తనాలు, మొక్కలు అడగకుండా తీసుకురావద్దు, ఇచ్చినా కొన్నాళ్లు విడిగా పెంచి చూసి అప్పుడు పొలంలోకి దించండి.

రెండోది, వెళ్లిన చోట భారం కాకండి. రైతుకి పూట పని పోతుంది. మీరు వెళ్లిన పూట ఆయన చేయాల్సిన పని ఏదో అడిగి అందరూ కలిసి చేయండి, పని చేస్తూ మాట్లాడితే నడిచి చూసినదానికన్నా రెట్టింపు తెలుస్తుంది. మీ మడి పరీక్ష ఫలితం, బాగున్నా బాగోకపోయినా, ఆయనకి పంపండి. తర్వాత ఆయన్ని మీ పొలానికి పిలవండి. అనుభవమున్న రైతు మీ గట్టు మీద గంటసేపు తిరిగితే, మీరు ఏళ్లుగా రోజూ చూస్తూ పట్టించుకోనిది ఆయన కంట్లో వెంటనే పడుతుంది.

మీ విషయంలో నేనైతే ముందు పక్క రైతు దగ్గరికి వెళ్తాను, ఈలోపు భూసార పరీక్షకి మట్టి పంపిస్తాను, కలుపు కాలంలో మీలాంటి వాలు నేల మీద సాగు చేస్తున్న కుటుంబ రైతు పొలానికి పనిచేసేవాళ్లని తీసుకెళ్తాను. వేరే మత సముదాయం పొలానికి కోతలయ్యాక, వాళ్లకి తీరిక ఉన్నప్పుడు. మట్టి పరీక్ష వివరాలు, సగటు వాన, పొలం దాటి బయటికి వెళ్తున్న పంట ఎంత, ఈ మూడూ ఇక్కడ పెడితే ఏ మార్పుతో మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.